కండక్టరమ్మ సైకిలు

ఈ మధ్య మా కాలనీ కుర్రాళ్ళు ఆదివారం పొద్దున్నే హెల్మెట్లు పెట్టుకుని, లావు టైర్ల సైకిళ్ళ మీద గుట్టల వైపు పోతున్నారు. మట్టి కొట్టుకుని తిరిగొచ్చేటప్పుడు మా గేటు దగ్గర ఆగుతారు. నేను పని మానేసి ఏళ్ళయిందని వాళ్ళకు తెలుసు. అయినా ముందు చక్రం షాక్ అబ్సార్బర్ మార్చమంటారా, డిస్క్ బ్రేక్ వేయించమంటారా అని నా ప్రాణం తీస్తారు. నేను తిరిగి ఒకటే అడుగుతాను: దీని మీద ఎవరిని ఎక్కించుకుంటావు? వాళ్ళు నవ్వుతారు. ముసలాయనకు చాదస్తం అనుకుంటారు. అనుకోనీ. ఆ ప్రశ్న నాకు ఎక్కడ అబ్బిందో చెబితే మాత్రం నవ్వరని నా నమ్మకం. అందుకే రాస్తున్నాను.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో అప్పట్లో ఒక సైకిళ్ళ కొట్టులో ఫిట్టర్‌ని. సైకిళ్ళు అట్టపెట్టెల్లో సగం విడిగా వస్తాయి. వాటిని బిగించి, బ్రేకులు పట్టించి, తొక్కి చూసి ఇవ్వడం నా పని. అప్పుడప్పుడే గేరు సైకిళ్ళ మోజు మొదలైంది. కొడుకు గుట్టలెక్కాలంటాడు, తండ్రి అదే సైకిలు మీద కూరగాయలు తేవాలంటాడు, తల్లి దానికే చిన్నదాన్ని కూర్చోబెట్టే సీటు కావాలంటుంది. ముగ్గురి కోరికలూ ఒక్క చట్రంలో ఇరికించి, నవ్వు మొహంతో పంపించేవాళ్ళం.

కొట్టులో ముగ్గురమే. మా యజమానిది గుంటూరు వైపు. నోరు తెరిస్తే చాలు, ఎక్కడివాడో తెలిసిపోయేది. రెండో మనిషి మా నల్గొండ జిల్లా వాడే, చక్రాలు బిగించే పెద్దన్న. ఊళ్ళో ఉన్నప్పటి నుంచీ చర్చికి పోయే కుటుంబం. చక్రం చేతికి తీసుకోగానే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవాడు, కళ్ళు తెరవగానే దాని పుల్లలను, అదే స్పోకులను, బూతులు తిట్టేవాడు. రెండూ మనస్ఫూర్తిగా చేసేవాడు. ఆయన గోటితో మీటి సరేనన్న చక్రం వంకర పోవడం నేను చూడలేదు.

ఇది ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనులూ సమ్మెకు దిగిన రోజుల నాటి మాట. బస్సులు డిపోల్లోనే ఉన్నాయి. బళ్ళు మూసేశారు. రోజుకో చోట రాస్తారోకో. మా యజమాని పొద్దున్నే వచ్చి రోడ్డు అటూ ఇటూ చూసి, షట్టరు ఎంత ఎత్తాలో నిర్ణయించేవాడు. గొడవ మరీ వేడెక్కిన రోజున మోకాలి ఎత్తుకే తెరిచేవాడు. నాకూ పెద్దన్నకూ తెలంగాణ కావాలి. ఆయనకు వద్దు. కొట్టులో ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు. కలిసి టీ తాగేవాళ్ళం, టీ అయిపోగానే ఎవరి పని వాళ్ళు చేసుకునేవాళ్ళం.

అలాంటి ఒక రోజున షట్టరు కిందుగా ఒక సైకిలు ముందు చక్రం లోపలికి వచ్చింది. దాని వెనక వంగి ఒకామె వచ్చింది. గేరు సైకిలు, ఆడవాళ్ళు ఎక్కడానికి వీలుగా కిందికి వంగిన చట్రం, ముందు షాక్, ఒళ్ళంతా ఎర్రమట్టి.

"అన్నా, దీని మీద నా బిడ్డను కూసోవెట్టుకొని బాటసింగారం నుంచి ఎల్బీనగర్ దాక రావాలె. గట్ల జేసిస్తరా?" అంది.

ఆమె సిటీ బస్సు కండక్టర్. ఆమె కూడా సమ్మెలో ఉంది. బాటసింగారం అవతల కొత్తగా వేసిన ప్లాట్లలో ఇల్లు, హైవే దాకా మట్టి బాటే. భర్త లారీ డ్రైవరు, సరుకుతో విజయవాడ వైపు ఎక్కడో ఇరుక్కుపోయాడు. ఆరేళ్ళ కూతురికి పుట్టుకతోనే ఒక పాదం లోపలికి మడతపడి ఉంది. ఎల్బీనగర్ దవాఖానలో ఆపరేషన్ చేసి, వారం వారం పాదాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ తొడ దాకా పిండికట్టు వేస్తున్నారు. కట్టు మార్చే రోజు తప్పితే సరవుతున్న పాదం మళ్ళీ మొదటికి వస్తుందని, అప్పుడు మళ్ళీ కోయాల్సిందేనని డాక్టరు చెప్పాడట. కిందటి వారం షేర్ ఆటోలో వస్తే ఆ కుదుపులకు, తోపులాటకు కట్టు మడమ దగ్గర పగిలిందట. ఈసారి ఆటోలు కూడా బంద్.

"అమ్మా, రోగులను ఎవరూ ఆపరు," అన్నాను. "ఏదన్నా కారు మాట్లాడుకొని, దవాఖాన అని చెప్తే వదుల్తరు."

"వదుల్తరని నాకు తెల్వదా? మొన్న హయత్‌నగర్ కాడ రోడ్డు మీద కూసున్నోళ్ళల్ల నేను సుత ఉన్న. ఒక పెండ్లి బస్సును తిప్పి పంపిన. పెండ్లికొడుకు కాళ్ళు మొక్కుతనన్నడు. ఇయ్యాల నా బిడ్డ కోసం బండి పోనియ్యుండ్రి అని ఏ మొకం పెట్టుకొని అడుగుత? కారు తోలెటోడు సుత సమ్మె తప్పినోడే అయితడు. సైకిల్‌కు ఆ పంచాయితి లేదు గదా."

నాకు ఆమె మొండితనం చూసి కోపం వచ్చింది. పిల్ల కాలు కంటే సమ్మె మాట ముఖ్యమా అని అడగబోయాను. ఆమె సైకిలు వెనక క్యారియరును రెండు చేతులతో ఊపి చూస్తూ, "ఇది వదులుంది, ఫస్టు దీన్ని తీసెయ్యాలె," అంది. అప్పటికే ఆమె పని మొదలుపెట్టేసింది. నేను నోరు మూసుకుని స్పానర్ తీశాను.

మా యజమాని మాత్రం మూసుకోలేదు. "ఏమయ్యా, నీకు మతి ఉందా? కాలికి కట్టున్న పిల్లని సైకిలు మీద అంత దూరం ఎలా తీసుకొస్తుంది? దారిలో పడితే? ఆంధ్రావాడి కొట్టులో చేసిన సైకిలు, పిల్ల కాలు విరిగింది అంటారు. రాయి ఎవరి అద్దం మీద పడుతుంది?"

ఆయన భయం ఉత్తిది కాదు. పక్క వీధిలో ఒక ఆంధ్రా మెస్సు బోర్డు అప్పటికే పగిలింది. నేను, "సార్, మీరు షట్టర్ మొత్తం దించుకోండ్రి. నేను లోపల జేస్కుంట. ఎవలన్న అడిగితె నల్గొండోడు జేసిండని చెప్పుండ్రి," అన్నాను. ఆయన నా మొహం చూసి, లోపలికి పోయి ఫ్యాను కింద కూర్చున్నాడు. వద్దని మాత్రం అనలేదు.

ఇక పని. సైకిలు కుర్రాళ్ళకు పనికొస్తుందని ఇంతవరకే చెబుతాను. ముందు చక్రానికున్న షాక్ తీసేసి, స్ప్రింగులు లేని మామూలు ఇనుప ఫోర్క్ వేశాను. బరువుతో బ్రేకు పడితే షాక్ ముందుకు తూలుతుంది, వెనక పిల్ల ఉన్నప్పుడు ఆ తూలు పనికిరాదు. సీటు గొట్టానికి పట్టే ఆ బొమ్మ క్యారియరు పీకేసి, గ్యాస్ బండలు మోసే సైకిళ్ళకు వాడే పొడుగు క్యారియరు వేశాను. దాని కడ్డీలు నేరుగా వెనక ఇరుసుకే బిగుస్తాయి. మడ్‌గార్డులు తీసేశాను, ఎర్రమట్టి వాటిలో ఇరుక్కుంటే చక్రం తిరగదు. పెద్దన్న వెనక చక్రం విప్పి మందం పుల్లలతో మళ్ళీ కట్టాడు. గాలి దగ్గర మాత్రం మేమిద్దరం కొట్లాడుకున్నాం. బొటనవేలితో నొక్కితే దిగనంత గట్టిగా కొట్టడమే ఆయనకు తెలుసు. బురదలో కొంచెం మెత్తగా ఉంటేనే టైరు పట్టుకుంటుందని నేను.

"మెత్తగుంటె రిమ్ము తంతది తమ్మి. గా బిడ్డ నడుముకు తలుగుతది."

"గట్టిగుంటె జారుతది పెద్దన్నా. జారితె నడుమేంది, మొత్తం పోతది."

చివరికి ముందు టైరు నా మాట ప్రకారం, వెనక టైరు ఆయన మాట ప్రకారం అయింది. పోగా పోగా అదే సరైన పద్ధతని తేలింది, కానీ ఆ రోజు ఇద్దరం మొహం మాడ్చుకునే ఉన్నాం.

పిల్లను ఎలా కూర్చోబెట్టాలన్నది అసలు చిక్కు. మోకాలు వంగదు, కాలు కర్రలా ముందుకు చాచే ఉంటుంది. మేం ఆలోచించనే లేదు. మన దగ్గర ఆడవాళ్ళు, ఆడపిల్లలు బండి వెనక ఎడమ పక్కకే కదా కూర్చుంటారు. అలాగే ఒక పక్క సీటు, చుట్టూ కడ్డీ, కాలు పెట్టుకోవడానికి ఒక పలక బిగించాం. ఒక సంచిలో ఇసుక నింపి, దానికి కట్టు కాలికి బదులుగా ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి కట్టి కూర్చోబెట్టాం. పెద్దన్న ఆ సంచికి సుద్దముక్కతో కళ్ళు, మూతి కూడా గీశాడు. ఆమె నవ్వి, సైకిలెక్కి వెనక సందులోకి పోయింది.

బాగానే తొక్కుతోంది. చివరిదాకా పోయి తిరిగి వచ్చింది. సందులో ఎదురుగా ఒక బైకు రాగానే అలవాటు ప్రకారం ఎడమకు జరిగింది. అక్కడ ఆగి ఉన్న తోపుడు బండి చక్రానికి పైపు తగిలి ఫటుక్కున విరిగింది. విరిగిన ముక్క మా కాళ్ళ దగ్గరికి దొర్లుకుంటూ వచ్చింది.

నేనూ పెద్దన్నా సైకిళ్ళతో బతికినవాళ్ళం. రోడ్డుకు ఎడమ పక్కనే పోవాలని, అడ్డం వచ్చేవన్నీ ఆ పక్కనే ఉంటాయని, కాలు ఆ పక్కకే చాపి కూర్చోబెడితే ఏమవుతుందని ఒక్కరికీ తట్టలేదు. పుట్టినప్పటి నుంచి అందరూ అటే కూర్చోవడం చూశాం, మేమూ అటే కూర్చోబెట్టాం.

ఆమె స్టాండు వేసి, పైపు ముక్క తీసుకుంది. "ఎడమ దిక్కు పైలం, చేతులు బైట పెట్టకుండ్రి అని దినాం బస్సుల మొత్తుకుంట. నాకే సోయి లేకపాయె," అంది. "సరే, మల్ల చేద్దాం. రేపు కాదు ఎల్లుండి దవాఖాన."

లోపలి నుంచి మా యజమాని వచ్చాడు. చూశారా అంటాడనుకున్నాను. ఆయన విరిగిన ముక్కను చూసి, "కుడి పక్క కూర్చోబెడితే లారీలు కొడతాయి," అని మాత్రం అన్నాడు. మొదటిసారి ఆయన కూడా పనిలోకి దిగాడు.

దారి చూపింది పెద్దన్న. "ఎడ్లబండి ఎనక కూసున్నట్టు కూసోవెట్టుండ్రి. మొకం ఎనకకు. చిన్నప్పుడు మేం గట్లనే పోతుంటిమి, కాళ్ళు బండి మీద సాపుకొని."

తల్లి వీపుకు పిల్ల వీపు ఆనుతుంది, కాలు క్యారియరు పొడవునా పడుకుంటుంది, ఏ పక్కకూ బయటికి రాదు. సీటు విప్పి అలా తిప్పేశాం. కానీ బరువంతా వెనక్కి పోయి ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం లేవబోయింది. ముందు ఒక బుట్ట కట్టి, నీళ్ళ డబ్బా, టిఫిను, నా పనిముట్లు అందులో పెట్టమన్నాను. పనిముట్లు అనగానే ఆమె నన్ను చూసింది. నేను కూడా వస్తున్నానని అప్పటిదాకా నేను ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా.

దవాఖానకు పోవాల్సిన రోజు తెల్లారగానే నేను ఇంకో సైకిలు మీద వాళ్ళింటికి చేరాను. ముందు రాత్రి వాన కొట్టింది. కట్టుకు ప్లాస్టిక్ కవరు చుట్టి, పిల్లను ఎక్కించి, చున్నీతో తల్లీకూతుళ్ళ నడుములు కలిపి కట్టాం. పిల్ల తన అమ్మ విజిల్‌ను మెడలో వేసుకుంది. వెనక్కి తిరిగి కూర్చుంది కాబట్టి తనే కండక్టరునంది. "రైట్ రైట్" అని విజిల్ ఊదింది. బయల్దేరాం.

ఆ బాట మీద ముందు టైరు పట్టుకుంది, నా గాలి లెక్క నిలిచింది. చట్రం కిందికి ఉండటంతో జారినప్పుడల్లా ఆమె రెండు కాళ్ళూ టక్కున నేలకు ఆనించేది. ఇంకొంచెం పోతే హైవే అనగా గేరు మార్చే యంత్రంలో గడ్డీ మట్టీ చుట్టుకున్నాయి. టకటకమంది. ఆమె ఆపేలోపే అది వంగి పుల్లల్లోకి దూరి చక్రం పట్టేసింది. సైకిలు ఒరిగింది. ఆమె పడలేదు. ఒక కాలు బురదలో మోకాలి దాకా దిగబడినా, వెనక పిల్లతో సహా సైకిలును నిలబెట్టే ఉంచింది. నేను పరుగెత్తి పట్టుకున్నాను.

"అయిపోయిందా అన్నా?" అంది. డాక్టరు మధ్యాహ్నం దాకే ఉంటాడు. తిరిగి మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆ రోజుల్లో ఎవరూ చెప్పలేరు.

"అయిపోలె," అన్నాను, కోపంగానే. ఆ గేర్ల మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. పిల్లను దింపి తల్లి చంకనెత్తుకుంది. నేను ఆ యంత్రం మొత్తం పీకి పొలంలోకి విసిరేశాను. గొలుసు తెంచి, పొట్టి చేసి, వెనక ఉన్న మధ్య పళ్ళచక్రం మీద వేసి, చక్రం వెనక్కి లాగి బిగించాను. పోయిన పుల్లలు రెండు విరిచేశాను. పెద్దన్న కట్టిన చక్రం ఇంకా సూటిగానే తిరిగింది. అక్కడే ఆయనకు మనసులో దండం పెట్టాను. మేం కొట్టులో ఎంతో గొప్పగా గేరు సైకిలని అమ్మేది ఇప్పుడు గేర్లు లేని సాదా సైకిలు. "ఇగ ఒకటే గేరు. ఎత్తుల కాడ నిలబడి తొక్కాలె," అన్నాను. "తొక్కుత," అంది.

హైవే మీద పెద్ద అంబర్‌పేట్ దాటాక లారీలు బారులు తీరి ఆగి ఉన్నాయి. వాటి సందుల్లోంచి పోయాం. హయత్‌నగర్ దగ్గర రాళ్ళు, ముళ్ళకంప అడ్డం పెట్టి కుర్రాళ్ళు కూర్చున్నారు. ఆమెను గుర్తుపట్టారు. "అక్కా, గీ పాపనేసుకొని సైకిల్ మీద ఏందే? ఉండు, మా బండి మీద దింపొస్తం," అని ఒకడు బైకు తీయబోయాడు.

"మీ బండి సుత ఆపి పెట్టిన్రు గదా. గట్లనే ఉండనియ్యుండ్రి," అంది ఊపిరి ఆడక. "జర సైకిల్ ఎత్తి అవుతల పెట్టుండ్రి, చాలు."

నలుగురు కుర్రాళ్ళు సైకిలును పిల్లతో సహా ఎత్తి కంప మీదుగా దాటించారు. పైనుంచి పిల్ల విజిల్ ఊదింది. అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. ఆమె కళ్ళు ముందున్న ఎత్తు మీదే ఉన్నాయి. వనస్థలిపురం ఎత్తు దగ్గర నిలబడి తొక్కుతూ, ఒక్కో తొక్కుడుకూ పళ్ళు బిగించి, ఒక్కసారి కూడా దిగకుండా ఎక్కింది. నాది ఖాళీ సైకిలే అయినా నేను దిగి నడిచాను. ఇది మీకు చెప్పడానికి సిగ్గేమీ లేదు.

ఎల్బీనగర్‌లో దవాఖాన గేటు దగ్గర మా యజమాని నిలబడి ఉన్నాడు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచి వచ్చాడట. చొక్కా తడిసిపోయింది. పిల్లను చూడగానే, "కాలు ఎలా ఉంది?" అన్నాడు. నన్ను పలకరించను కూడా లేదు.

డాక్టరు కట్టు కోసి, పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మేం ముగ్గురం తలుపు దగ్గర నిలబడి ఉన్నాం. "పాదం సరిగ్గానే నిలిచింది. ఇంకొక్క కట్టు చాలు. తర్వాత నేల మీద పెట్టి నడిపించండి," అన్నాడు. తల్లి గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. ఎంత ఏడ్చిందో. అంత దూరం తొక్కినంతసేపూ దాచుకున్నదంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

కొత్త కట్టు వేశారు. ఆరేదాకా కాలు కదలకూడదు, ఎక్కడా నొక్కకూడదు, కనీసం గంటసేపు అన్నారు. అప్పటికి చౌరస్తాలో నినాదాలు మొదలయ్యాయి. ఆమె చెవి అటే ఉంది.

"అన్నా, మా డిపోవాళ్ళంత వచ్చిన్రు. గాడ కూసొని వస్త. పాపను జర..."

నేను మా యజమాని వైపు చూశాను. ఆయన ఇటు చూడకుండానే, "వెళ్ళిరామ్మా," అన్నాడు. పిల్ల అమ్మ కనబడాలని మారాం చేసింది. ఆయనే మెల్లగా ఎత్తుకుని, నేను కాలు పట్టుకుని, ఫుట్‌పాత్ అంచు దాకా తీసుకొచ్చాం. ఆయన అక్కడే చతికిలబడి, పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని, తడి కట్టును రెండు అరచేతుల మీద పట్టుకున్నాడు. ఎదురుగా తల్లి రోడ్డు మీద జనం మధ్య కూర్చుని చెయ్యెత్తి నినాదం ఇస్తోంది. ఆయన కొట్టు ఆ నినాదాల వల్లే మూతపడి ఉంది.

మజ్జిగ పంచుతున్న ఒక కుర్రాడు వచ్చి గ్లాసు అందించబోయాడు. "చేతులు ఖాళీ లేవు బాబూ, ఆయనకివ్వండి," అన్నాడు మా యజమాని. ఆ మాట తీరు విని కుర్రాడు ఆగాడు.

"ఎక్కడ సార్ మీది?"

"గుంటూరు," అన్నాడు ఆయన. దాచలేదు, గొంతు తగ్గించలేదు.

కుర్రాడు ఆయనను చూశాడు, ఆ చేతుల మీది కాలును చూశాడు. మజ్జిగ గ్లాసు నా చేతిలో పెట్టి పోయాడు. మళ్ళీ వచ్చినప్పుడు చేతిలో జై తెలంగాణ అని రాసిన పెద్ద అట్ట ఉంది. ఎండ పిల్ల మొహాన పడకుండా దాన్ని పట్టుకుని ఆయన పక్కనే నిలబడ్డాడు. మేం అలాగే ఉండిపోయాం. పిల్ల నిద్రపోయింది.

రాస్తారోకో ముగిశాక ఆమె దుమ్ము దులుపుకుంటూ మా దగ్గరికి వచ్చింది. మా యజమాని చేతులు తిమ్మిరెక్కాయి. వేలి వెనక పక్కతో కట్టును మెల్లగా తట్టి చూశాడు.

"కట్టు ఆరిందమ్మా," అన్నాడు. "ఇంక ఎత్తుకోవచ్చు."